ఒంటరిగా, వెనక క్యాంపర్ ట్రైలర్‌తో: విజయనగరం నుంచి మొదలుపెడదామని

రెండుచక్రాల_ఇల్లు | విజయనగరం

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదువుకుని పోయేదాన్నే తప్ప ఎప్పుడూ రాయలేదు. నాకు 54 ఏళ్ళు. బ్యాంకులో 29 ఏళ్ళు చేసి కిందటేడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. పెళ్ళి చేసుకోలేదు. అమ్మని చూసుకున్నాను, అమ్మ పోయి ఏడాదిన్నర. ఇప్పుడు ఇంటికి తాళం వేస్తే అడిగేది పాలవాడొక్కడే.

కోయంబత్తూరులో ఒకాయన దగ్గర చిన్న క్యాంపర్ ట్రైలర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఒకటే ఇరుసు, రెండు చక్రాలు. లోపల ఒకరు కాళ్ళు చాపుకుని పడుకునే మంచం, వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు. ఖాళీ బరువు 540 కిలోలు, సామానుతో 750 దాటకూడదని ప్లేటు మీద ఉంది. లాగాల్సింది నా పాత బొలెరో. లారీ మీద తెప్పించాను కాబట్టి నేను దాన్ని ఇప్పటిదాకా పది మీటర్లు కూడా లాగలేదు. ఇంటి ముందు నిలబడి ఉంది. మా వీధి పిల్లలు ఐస్‌క్రీం బండి అనుకుని రోజూ వచ్చి చూసి పోతున్నారు.

కారు 20 ఏళ్ళుగా నడుపుతున్నాను, అరకు ఘాటు ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. కానీ వెనక ఇంకో బండి ఉంటే ఎలా? పక్కన దిగి చెప్పే మనిషి లేకపోతే ఎలా? రాత్రి ఎక్కడ ఆపుకోవాలి? కాగితాలేమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి. "ఈ వయసులో ఎందుకమ్మా" అనేవాళ్ళు మా చుట్టాల్లోనే చాలామంది ఉన్నారు, ఆ కోటా నిండిపోయింది.

ఎందుకండీ_ఇదంతా | చీపురుపల్లి

కోటా నిండినా ఒక్కమాట. వెయ్యి రూపాయలకి ఏసీ గది దొరుకుతుంది. ట్రైలర్ ఖరీదుతో ఎన్ని రాత్రులు లాడ్జిలో పడుకోవచ్చో మీరు బ్యాంకులో చేశారు కాబట్టి నాకంటే బాగా లెక్కేయగలరు.

రెండుచక్రాల_ఇల్లు

వేశానండీ. లాడ్జిలో నా దుప్పటి, నా టీ గ్లాసు, నా కిటికీ ఉండవు. ఒంటరి ఆడమనిషి గది అడిగితే కౌంటర్లో కుర్రాడు చూసే చూపు కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

ఫారం_ముప్పై | విజయనగరం

ముందు కాగితాలు. మిగతావి తర్వాత.

ట్రైలర్‌కి కారుతో సంబంధం లేకుండా విడిగా రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాని ఆర్‌సీ దానిదే. సొంత వాడకానికి ఉంచుకున్న క్యాంపర్ ట్రైలర్ నాన్ ట్రాన్స్‌పోర్ట్ కింద వస్తుంది. 2004లో కేంద్రం వాహనాల రకాలని నోటిఫై చేసినప్పుడు ఆ జాబితాలో ఇది స్పష్టంగా ఉంది. పసుపు బోర్డు, పర్మిట్ అని ఎవరైనా భయపెడితే నమ్మకండి. అద్దెకి తిప్పితే మాత్రం వేరే కథ.

మీది తమిళనాడు నంబరు. అమ్మినాయన దగ్గర ఫారం 28 మీద అక్కడి ఆర్టీవో ఆఫీసు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకున్నారా? పేరు మార్పుకి 29, 30. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడి నంబరు వేయించుకోవాల్సిందే. ఆర్‌సీలో ఛాసిస్ నంబరు, ట్రైలర్ ఫ్రేము మీద కొట్టిన నంబరు ఒకటేనా కాదా అన్నది ఈరోజే ఒక గుడ్డతో తుడిచి చూసుకోండి. తుప్పు కింద దాక్కుని ఉంటుంది.

చదివే మిగతావాళ్ళకి: వెల్డింగ్ షాపులో ఇనుప చట్రం కట్టించి, రెండు చక్రాలు తగిలించి, తర్వాత రిజిస్ట్రేషన్ చేయిద్దాం అనుకునేవాళ్ళు నెలకొకరు వస్తారు నా దగ్గరికి. తయారీదారు ఇచ్చే ఫారం 22 లేకుండా అది జరగదు. ఆ చట్రాలు ఇప్పుడు పెరట్లో గడ్డివాములకి ఆసరాగా ఉన్నాయి.

ఇన్సూరెన్స్: ట్రైలర్‌కి పాలసీ ఉండాలి, కారు పాలసీ ఇచ్చినవాళ్ళకి కూడా "ట్రైలర్ లాగుతున్నాను" అని రాతపూర్వకంగా చెప్పి జవాబు రాతలో తీసుకోండి. ఫోన్లో "పర్లేదు మేడం" అన్నది క్లెయిమ్ రోజున ఎవరికీ గుర్తుండదు.

సాలూరు_లారీ | సాలూరు

అమ్మా, నాను 32 ఏళ్ళు లారీ తోలేను, రాయపూర్ లైను. ఇప్పుడు మోకాళ్ళు పోయి ఇంటికాడ కూకున్నాను. టైపు కొడతన్నది మా మనవడు, తప్పులుంటే ఆడివే.

ముందుకి తోలడం ఎవుడైనా తోలతాడు. నువ్వు ఎనక్కి తోలడం నేర్సుకో. దారి తప్పినా, ఎదురుగా బస్సొచ్చినా, సందులోకి ఎల్లి ఇరుక్కున్నా బయటికొచ్చేది రివర్సులోనే. ఒక చిట్కా చెప్తాను. స్టీరింగు పైన కాదు, అడుగున చెయ్యి పెట్టు. బండి తోక ఎడమకి ఎల్లాలంటే చెయ్యి ఎడమకి జరుపు, కుడికి ఎల్లాలంటే కుడికి. అంతే. బుర్రతో ఆలోచిస్తే తిరగబడిపోద్ది, చెయ్యి మాట విను.

ఇంకోటి. పెద్ద ట్రైలర్ కంటే సిన్న ట్రైలరే కష్టం. సిన్నది టక్కున మళ్ళిపోద్ది, నువ్వు సర్దేలోపే మడతపడి కారు బంపర్ని కొరికేస్తది. అందుకే ఇంచీలు ఇంచీలుగా. వంకరైపోతే మొండికెయ్యకు, ముందుకి లాగి తిన్నగా చేసుకుని మళ్ళీ మొదలెట్టు. సిగ్గు పడకు. అద్దంలో అనుమానం వస్తే దిగి సూడు. క్లీనరు లేని డ్రైవరు పదిసార్లు దిగాల.

ఆదివారం పొద్దున్నే ఖాళీ మైదానానికి ఎల్లి, నాలుగు ఇటికలు పెట్టుకుని వాటి మధ్యకి రివర్సు పెట్టు. ఇటిక పగిలితే పదిరూపాయలు. గోడ పగిలితే గోడయజమాని.

కాటా_లెక్క | రాజాం

సాలూరు మావయ్య చెప్పింది వంద శాతం. నేను బరువు సంగతి చెప్తాను, ఎందుకంటే ట్రైలర్ బోల్తాపడటానికి బరువు తప్పుగా సర్దడం కూడా కారణమే.

మొత్తం బరువు ఎంత అన్నది ఒక ప్రశ్న, ఆ బరువు ఎక్కడ ఉంది అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. కారు హుక్కు మీద గుండు ఉంటుంది కదా, సాధారణంగా 50 మిల్లీమీటర్లది, దాని మీద ట్రైలర్ ముక్కు, అంటే ముందుకి పొడుచుకొచ్చి కారుకి తగిలే కొస, కొంత బరువుతో కూర్చోవాలి. మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం. 700 కిలోలైతే 35 నుంచి 70 కిలోలు. అంతకంటే తక్కువైతే, అంటే బరువంతా వెనక్కి పోతే, స్పీడులో ట్రైలర్ కుక్కతోకలా ఊగడం మొదలెడుతుంది. ఎక్కువైతే కారు వెనక భాగం కిందికి కుంగి ముందు చక్రాలు తేలికైపోతాయి.

కొలవడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. రైస్ మిల్లు దగ్గరి వే బ్రిడ్జి మీద మొత్తం బరువు తూయించండి. ముక్కు బరువుకి ఇంట్లో మనుషులు తూగే కాటా చాలు. ట్రైలర్‌ని చదునైన నేల మీద పెట్టి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, కాటా మీద చిన్న చెక్క ముక్క, దాని మీద కారుకి తగిలించే ఎత్తులోనే ముక్కు ఆనేలా ఒక దుంగ నిలబెట్టండి. ముందున్న జాకీ చక్రం నేలకి తగలకుండా పైకెత్తేయాలి. కాటా చూపించేదే మీ ముక్కు బరువు.

నీళ్ళు మర్చిపోకండి. లీటరుకి కిలో. 60 లీటర్ల ట్యాంకు నింపితే ఒక మనిషిని ఎక్కించుకున్నట్టే.

మీ కారు మాన్యువల్‌లో లాగుడు పరిమితి ఏమైనా రాశారా చూడండి. హుక్కు ఛాసిస్‌కి బిగించారా, బంపర్‌కి బిగించారా అన్నది కిందకి దూరి చూడండి. బంపర్‌కైతే ఇవాళే విప్పించేయండి.

బొబ్బిలి_కోడలు | బొబ్బిలి

అక్కా, వీళ్ళంతా బండి గురించే చెప్తున్నారు. మనం మనుషులం కదా, నేను మిగతా సంగతి చెప్తాను. నాకు ట్రైలర్ లేదు, వ్యాగనార్‌లో వెనక సీటు పీకేసి పరుపు వేసుకుని మూడేళ్ళుగా తిరుగుతున్నాను. ఎక్కువగా ఒక్కదాన్నే.

మొదటి రాత్రి దూరం వెళ్ళకు. ఇంటి ముందే ట్రైలర్‌లో పడుకో. నవ్వకు. దోమ ఎక్కడి నుంచి దూరుతుందో, అర్ధరాత్రి చెంబు ఎక్కడుందో, లైటు స్విచ్ చేతికి అందుతుందో లేదో ఆ రాత్రే తెలుస్తుంది. నచ్చకపోతే పది అడుగుల్లో నీ మంచం. రెండో రాత్రి రామతీర్థం. మీకు 12 కిలోమీటర్లే, సత్రాలున్నాయి, గుడికొచ్చేవాళ్ళు తెల్లవారకముందే లేస్తారు, చుట్టూ మనుషులుంటారు.

ఆపుకునే చోటు గురించి నా పద్ధతి ఒకటే: చీకటి పడకముందు చేరుకోవాలి, ఎవరో ఒకరిని అడిగి ఆపాలి. ఖాళీగా ఉంది కదా అని ఎవరూ లేని చోట ఆపితే, రాత్రి వచ్చే ప్రతి టార్చిలైటూ నీ గుండెలోకే కొడుతుంది. "అమ్మా, ఈ రాత్రికి ఇక్కడ బండి పెట్టుకోవచ్చా" అని ఒక ఇంటావిడని అడిగామనుకో, ఇక ఆ ఊరంతా నీకు కాపలా. భోజనం కూడా పెట్టేస్తారు, అది వేరే సమస్య. మూడిళ్ళలో తిని ఒకసారి రెండ్రోజులు లేవలేకపోయాను.

ఒంటరిగా వచ్చావా అని అందరూ అడుగుతారు. మగవాళ్ళు అడిగితే "తమ్ముడు వెనకాల వస్తున్నాడు" అంటాను. ఆడవాళ్ళతో నిజమే చెప్తాను.

ఎందుకండీ_ఇదంతా

మరి బాత్‌రూం?

బొబ్బిలి_కోడలు

అడుగుతారనుకున్నాను. పగలు పెట్రోల్ బంకులు, ఆర్టీసీ కాంప్లెక్సులు. రాత్రికి మూత బిగుసుకునే బకెట్, అందులో రంపపు పొట్టు. పొద్దున్న అడిగి ఎవరింటి సెప్టిక్ లెట్రిన్‌లోనో పారబోసి, నీళ్ళు పోసి, బ్లీచింగ్ చల్లి కడగాలి. చెరువు గట్టునా, గెడ్డలోనా పారబోసేవాళ్ళు నాకు ఎదురుపడకూడదు.

ఉద్దానం_జీడిపిక్క | కవిటి

అప్పా (మేం అక్కని అలాగే అంటాం), మా వైపు రండి! బారువ బీచి, కవిటి తోటలు, మందస గుడి, చలికాలమైతే తేలినీలాపురంలో పెలికాన్లు, రంగు కొంగలు. కానీ మూడు సంగతులు ముందే చెప్పేస్తాను.

ఒకటి, కొబ్బరిచెట్టు కింద పెట్టకండి. నీడ బాగుందని టూరిస్టులు పెడతారు. కాయ పడితే మీ ట్రైలర్ పైకప్పుకి బొక్కే. మట్ట పడినా సోలార్ ప్లేటు ముక్కలే. మా ఇంట్లో కుక్క కూడా కొబ్బరిచెట్టు కింద పడుకోదు.

రెండు, జీడితోటల్లో రాత్రి మకాం వద్దు. మందస, వజ్రపుకొత్తూరు, కవిటి తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. పనసపళ్ళు, జీడిమామిడి పళ్ళు పండే వేసవిలో మరీ ఎక్కువ. మనుషుల్ని చంపినవి ఉన్నాయి, ఇది కథ కాదు. ట్రైలర్‌లో పనసపండు పెట్టుకుని పడుకున్నారంటే మీరే పిలిచినట్టు.

మూడు, అక్టోబరు. మా వాళ్ళకి ఆ నెల పేరు చెప్తేనే కడుపులో తిప్పుతుంది. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు, హుద్‌హుద్ 2014 అక్టోబరు, తిత్లీ 2018 అక్టోబరు. తిత్లీకి మా తాత వేసిన కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో నేలమీద పడుకున్నాయి. ఇటిక గోడలే నిలబడలేదు, మీ రేకుల పెట్టె ఎంత. బంగాళాఖాతంలో అల్పపీడనం అని రేడియోలో వినపడగానే ట్రైలర్ తగిలించుకుని ఇంటికి వెళ్ళిపోండి. "చూద్దాం, దారి మారుతుందేమో" అని ఆగొద్దు.

సాలూరు_లారీ

పిల్లడు బాగా చెప్పీసాడు. ఏనుగుల సంగతి నాను చెప్తాను. కురుపాం, కొమరాడ వైపు ఒడిశా నుంచి వచ్చిన గుంపు తిరగతంది. ఆ వైపు ఎల్తే రాత్రి పూట రోడ్డు మీదుండకు, ఫారెస్టోళ్ళని అడిగి ఎల్లు. బండిలో అరటిగెల, బెల్లం పెట్టుకోకు. ఏనుగుకి ముక్కు మనకంటే పెద్దది.

వేదిక నిర్వాహకుడు

ఏనుగుల మీద వచ్చిన 14 జవాబులు వేరే చర్చకి మార్చాను. ఇక్కడ ట్రైలర్.

రెండుచక్రాల_ఇల్లు

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఛాసిస్ నంబరు తుడిచి చూశాను, ఒకటే. ఎన్ఓసీ ఉంది. హుక్కు ఛాసిస్‌కే బిగించారు.

ఇంటి ముందు పడుకున్నాను. దోమ వెనక తలుపు రబ్బరు పక్కనుంచి వస్తోంది. పక్కింటావిడ రాత్రి పదకొండుకి వచ్చి తలుపు కొట్టి, ఇంట్లో ఎవరితోనైనా గొడవైందా అని అడిగింది. ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు గొడవకి.

ఇటికలు: మొదటి ఆదివారం ఆరు పగిలాయి. రెండో ఆదివారం ఒకటి. అడుగున చెయ్యి పెట్టే చిట్కా నా బుర్రకి ఎక్కలేదు, చేతికి ఎక్కింది. వాకింగ్‌కి వచ్చే మగవాళ్ళందరూ ఆగి "కుడికి, కుడికి" అని అరిచారు. చివరికి అద్దాలు పైకెత్తుకుని రేడియో పెట్టుకున్నాను.

కరెంటు గురించి అడగాలి. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, పైన 200 వాట్ల సోలార్. ఏసీ పెట్టుకోవచ్చా?

కాటా_లెక్క

లేదు. ఆ బ్యాటరీలో నిండుగా ఉన్నది దాదాపు 1,280 వాట్ అవర్లు, అంటే ఒక యూనిట్ కంటే కొంచెం ఎక్కువ. చిన్న ఏసీ ఒకటి రెండు గంటల్లో తాగేస్తుంది. 12 వోల్టుల ఫ్యాను 25 వాట్లదైతే రాత్రంతా 10 గంటలు తిరిగినా 250. లైట్లు, ఫోన్ ఛార్జింగ్ కలిపి ఇంకో 60. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ ఉంటే రోజుకి సుమారు 400, 500. సోలార్ మంచి ఎండలో ఇది పూడ్చేస్తుంది, ముసురులో పూడ్చదు. మన సముద్రం పక్కన ఏప్రిల్, మే ఉక్కకి రెండు ఫ్యాన్లు పెట్టుకోండి, ఒకటి గాలి లోపలికి, ఇంకోటి బయటికి. అప్పటికీ నిద్ర పట్టకపోతే ఆ రెండు నెలలూ ఇంట్లో ఉండండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన కాలం.

గ్యాస్ విషయం. 5 కిలోల చిన్న సిలిండర్ చాలు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలమట్టానికి దిగి కూర్చుంటుంది. అందుకే ట్రైలర్ అడుగున చిన్న కంతలు ఉంటాయి, చలిగాలి వస్తోందని వాటిలో గుడ్డలు కుక్కకండి. అరకు చలికి లోపల కుంపటి పెట్టుకుని తలుపు మూసుకునే ఆలోచన కలలో కూడా వద్దు. బొగ్గు పొగ వాసన వస్తుంది, ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

రెండుచక్రాల_ఇల్లు

రామతీర్థం అయింది, బాగా అయింది, చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆ ధైర్యంతో మొన్న శుక్రవారం కళింగపట్నం బయల్దేరాను. ఇది మాత్రం చెప్పుకోవాలి.

నాతవలస దగ్గర హైవే ఎక్కాను. రోడ్డు విశాలంగా ఉంది, చేతికి బండి అలవాటైపోయిందనిపించింది, 75లో వెళ్తున్నాను. పైడిభీమవరం దాటాక కొంచెం దిగుడు. పక్కనుంచి పెద్ద కంటైనర్ లారీ దాటేసింది. దాని గాలి ట్రైలర్ని మొదట అవతలికి తోసింది, తర్వాత లారీ వైపు లాగింది. అద్దంలో చూస్తే ట్రైలర్ కుడివైపు కనపడింది. మరుక్షణం ఎడమవైపు కనపడింది. నా సీటు కింద నుంచి ఎవరో కారుని పట్టుకుని ఊపుతున్నట్టుంది. బ్రేకు తొక్కడానికి కాలు వెళ్ళింది, ఎందుకో తొక్కలేదు. యాక్సిలరేటర్ మీంచి తీసేసి స్టీరింగు రెండు చేతులా తిన్నగా పట్టుకుని కూర్చున్నాను. 50కి వచ్చేసరికి ఊగడం ఆగింది. రణస్థలంలో టీ కొట్టు దగ్గర ఆపి, టీ చెప్పి, వచ్చిన టీ తాగడం మర్చిపోయి కూర్చున్నాను. కొట్టు అబ్బాయి రెండోసారి వేడిచేసి తెచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.

తప్పు నాదే. పొద్దున్న హడావిడిగా రెండు 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు, ఐస్ పెట్టె, బియ్యం అన్నీ వెనక వంటగట్టు కింద తోసేశాను. అక్కడ తలుపు పెద్దది, తోయడం సుళువు. టీ కొట్టు వెనక చదునుగా ఉంటే, కారులో ఉన్న కాటా తీసి తూచాను. ముక్కు మీద 18 కిలోలు! మొత్తం 690 ఉండాలి. క్యాన్లు మంచం కింద ఇరుసుకి కొంచెం ముందుకి జరిపాను, ఐస్ పెట్టె కారులోకి వచ్చింది. మళ్ళీ తూస్తే 55. అక్కడి నుంచి 60 దాటలేదు. ఎన్ని లారీలు దాటినా ట్రైలర్ బుద్ధిగా వెనకాలే వచ్చింది.

కాటా_లెక్క

బ్రేకు తొక్కకపోవడం మిమ్మల్ని కాపాడింది. ఊగుతున్నప్పుడు గట్టిగా బ్రేకు కొడితే వెనకనున్న ట్రైలర్ కారుని నెట్టి మడతపెట్టేస్తుంది. దిగుడులో స్పీడు పెంచి సర్దుదామనుకోవడం కూడా తప్పే. 18 కిలోలంటే మూడు శాతం కూడా కాదు. వెనక మూల పెట్టిన ప్రతి వస్తువూ ముక్కుని పైకెత్తుతుంది, పిల్లల ఉయ్యాలబల్ల లాగే.

సాలూరు_లారీ

తల్లీ, కాళ్ళు ఒణికేయా? నాకు మొదటిసారి సుంకి ఘాట్లో బ్రేకులు వేడెక్కినప్పుడు ఒణికేయి. ఆ తర్వాత నాను ఎప్పుడూ దిగుడుకి ముందే గేరు తగ్గించీవోడిని. నువ్వూ అంతే చెయ్యి. ఎక్కిన గేరులోనే దిగు.

బొబ్బిలి_కోడలు

అది సరే గానీ చెప్పక్కా, కళింగపట్నంలో ఎక్కడ పడుకున్నావు?

రెండుచక్రాల_ఇల్లు

లైట్‌హౌస్ వైపు తిరిగి, తోటల దగ్గర ఆగాను. నీడ చూసి మురిసిపోయి జాకీలు దించుతున్నాను. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె వచ్చి, "ఏటమ్మా, బుర్ర మీద కాయ పడాలనుందా" అంది. కవిటి తమ్ముడు చెప్పి పది రోజులు కాలేదు, అప్పుడే మర్చిపోయాను చూడండి. ఆమే వాళ్ళ ఇంటి పక్కన, వలలు ఆరేసుకునే జాగా చూపించింది. ఇసుక కాదు, గట్టినేల. రివర్సులో పెట్టాను, మూడో ప్రయత్నంలో పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇక్కడ కూడా ఐస్‌క్రీం ఉందా అని అడిగారు.

సాయంత్రమే పోలీసు స్టేషన్‌కి వెళ్ళి పేరు, ఫోన్ నంబరు, రెండు రాత్రులుంటానని చెప్పి వచ్చాను. రాత్రి బీటు కానిస్టేబుల్ వచ్చి తలుపు కొట్టకుండా ఆ చేపలామెని అడిగి వెళ్ళిపోయాడట. పొద్దున్న ఆమె చోడి (రాగి) అంబలి తెచ్చింది, నంజుకోడానికి ఎండుచేప. నేను శాకాహారినని చెప్పేలోపు ఉల్లిపాయ కోసి ఇచ్చింది.

రాత్రి సంగతి కూడా రాస్తాను, ఒంటరిగా మొదలుపెట్టేవాళ్ళు అడుగుతారు కాబట్టి. భయం వెయ్యలేదు. కానీ తొమ్మిదింటికి టీ పెట్టుకుంటే రెండు గ్లాసులు తీశాను. ఇంట్లో ఏడాదిన్నరగా అలా తియ్యలేదు, ఇక్కడ చెయ్యి ఎందుకు వెళ్ళిందో. రెండోది కూడా నేనే తాగాను. తర్వాత సముద్రం శబ్దానికి ఎప్పుడు పడుకున్నానో తెలీదు.

మర్నాడు శాలిహుండం కొండ ఎక్కాను, ట్రైలర్ కిందే వదిలేసి కారుతోనే వెళ్ళాను. ఇదీ ట్రైలర్‌లో ఉన్న సుఖం. ఇల్లు ఒకచోట ఉంటుంది, మనం తిరుగుతాం. పైనుంచి వంశధార నది బాగా కనిపిస్తుంది.

ఎందుకండీ_ఇదంతా

లాడ్జి గురించి నేను అన్నమాట వెనక్కి తీసుకోను గానీ, ఆ అంబలి గురించి మాత్రం కుళ్ళుకుంటున్నాను.

ఫారం_ముప్పై

టోల్ దగ్గర ఏమైనా అడిగారా?

రెండుచక్రాల_ఇల్లు

ఒకచోట ఆపారు. కుర్రాడు చక్రాలు లెక్కపెట్టాడు, ఇంకో అబ్బాయిని పిలిచాడు, ఇద్దరూ లెక్కపెట్టారు. వెనక హారన్లు. ట్రైలర్ ఆర్‌సీ చూపించి, సొంత వాడకం అని చెప్పి, మీ సూపర్‌వైజర్ని పిలవండి అంటే పది నిమిషాలకి వదిలేశారు. ఇప్పుడు రెండు ఆర్‌సీలు, రెండు పాలసీలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి డ్రైవరు వైపు తలుపు జేబులోనే ఉంచుతున్నాను.

ఉద్దానం_జీడిపిక్క

అప్పా, లైట్లు చూసుకున్నారా? సముద్రం గాలికి ఏడు పిన్నుల ప్లగ్గు తుప్పు పట్టేస్తుంది. మా మేనమామ ట్రాక్టర్ ట్రక్కుకి బ్రేకు లైటు వెలగక నరసన్నపేట దగ్గర వెనకనుంచి బైకు వచ్చి గుద్దేసింది.

రెండుచక్రాల_ఇల్లు

అయ్యో, ఆ అబ్బాయికి ఏం కాలేదు కదా? నాదీ అదే. వచ్చేటప్పుడు ఎడమ ఇండికేటర్ పోయింది. ప్లగ్గు విప్పితే పచ్చగా పట్టేసి ఉంది. ఉప్పుకాగితంతో గీకి వ్యాసలీన్ రాశాను, వెలిగింది. ఒంటరిగా ఉన్నప్పుడు బ్రేకు లైటు చూడటానికి మనిషి ఉండడు కదా, రాత్రి గోడకి దగ్గరగా రివర్సు పెట్టి కాలు నొక్కి, గోడ మీద ఎరుపు పడుతోందో లేదో చూస్తున్నాను.

సాలూరు_లారీ

నాను కూడా అలాగే సూసేవోడిని! క్లీనరు తాగి పడిపోయిన రోజున.

తగిలించినాక ఏటేటి సూస్తన్నావో ఒకసారి రాయమ్మా. నాను దిద్దుతాను.

రెండుచక్రాల_ఇల్లు

గుండు మీద ముక్కు కూర్చోగానే గొళ్ళెం పడిన చప్పుడు వినాలి. దాన్ని నమ్మకుండా జాకీ చక్రాన్ని మళ్ళీ తిప్పి ముక్కుని పైకెత్తుతాను, గొళ్ళెం నిజంగా పడి ఉంటే కారు వెనక భాగం కూడా దాంతోపాటు లేస్తుంది. లేవకపోతే ఉత్తినే ఆనింది. తర్వాత రెండు గొలుసులు, ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా, ముక్కు ఊడిపడినా గొలుసుల మీద పడేలా. జాకీ చక్రం పూర్తిగా పైకి. ప్లగ్గు. లైట్లు. గ్యాస్ ఆపేయాలి. పైన కిటికీ మూసి. చివరగా చక్రాల కింద రాళ్ళు తియ్యడం. మొదటిసారి రాళ్ళు తియ్యకుండా బయల్దేరాను, కారు కదలకపోతే ఇంజిన్ పోయిందనుకున్నాను.

విప్పేటప్పుడు ముందు రాళ్ళు పెట్టి, ఆ తర్వాతే గొళ్ళెం.

సాలూరు_లారీ

టైర్లు?

రెండుచక్రాల_ఇల్లు

కారు టైర్లకి గాలి కొట్టించాను. ట్రైలర్‌వి కూడా.

ఉద్దానం_జీడిపిక్క

తేలినీలాపురం ఎప్పుడు వస్తున్నారు? చింతచెట్ల నిండా పక్షులున్నాయి, పిల్లలు గూళ్ళలో అరుస్తున్నాయి. ఊళ్ళోకి ట్రైలర్ తేవద్దు, దారి ఇరుకు, పక్షులు బెదురుతాయి. టెక్కలిలో మా పిన్నిగారి ఇంటి ముందు పెట్టుకోండి, నేను చెప్పేశాను. కోత కాలం కదా, లోపలి రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, సగం రోడ్డే ఉంటుంది. మీ వైపు రోడ్ల పక్కన గోగునార ఆరేస్తారు చూడండి, అలాగే. చెరుకు ట్రాక్టర్లకి వెనక లైట్లు ఉండవు, అయిదు దాటాక రోడ్డు మీద ఉండకండి.

బొబ్బిలి_కోడలు

నేనూ వస్తాను అక్కా. నా వ్యాగనార్ మీ ట్రైలర్ పక్కన పెట్టుకుంటాను. అక్కడ కలుద్దాం, దారిలో ఎవరి దారి వారిదే.

రెండుచక్రాల_ఇల్లు

రా అమ్మా, దోసె పెనం నేను తెస్తున్నాను. శనివారం పొద్దున్న అయిదున్నరకి బయల్దేరుతున్నాను. ఈసారి నీళ్ళు శ్రీకాకుళం దాటాకే నింపుకుంటాను. బొలెరోకి గాలి చూశాను, హుక్కు బోల్టులు బిగించాను, ముక్కు 52 కిలోలు. హైవేలో ఏదైనా అయితే 1033, ఇంకేమైనా అయితే 112, రెండూ అద్దం పక్కన చీటీ మీద రాసి అతికించాను. ఇంకేమైనా మర్చిపోయానా?

సాలూరు_లారీ

ట్రైలర్ స్టెప్నీలో గాలి సూసేవా?

రెండుచక్రాల_ఇల్లు

చూడలేదు. కిందకి వెళ్తున్నాను.